స్టేబుల్ నల్లప్ప

మా నల్లప్ప చిన్నాయన స్టేబుల్ కానిదేదీ ముట్టుకోడు. ముట్టుకోకపోవడమే కాదు, దాని గురించి నోరెత్తడు, ఇంకొకరు ఎత్తితే చెవులు మూసుకుంటాడు. స్టేబుల్ అయినదాని గురించి మాత్రం పుంగనూరు నుంచి కుప్పం దాకా బస్సులో పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ, వాళ్ళు దిగిపోయేదాకా చెబుతాడు. కొందరు వాళ్ళ ఊరు రాకముందే దిగిపోతారు.

స్టేబుల్ అంటే ఏమిటని మీరు అడగబోతున్నారు. నేను కుప్పంలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచర్ని. ఆయన వివరించాక నాకు అంతకు ముందు తెలిసిన కాస్తా పోయింది. మిగిలింది చెబుతాను. లినక్స్ అని ఒకటి ఉంది, కంప్యూటర్ని నడిపించేది. కొనే పని లేదు. ప్రపంచం మీద ఎవరెవరో, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, జీతం భత్యం లేకుండా కూర్చుని తయారు చేస్తారట. అందులో చిన్నాయన వాడే రకానికి ఒక నిష్ఠ ఉంది. చేసిందాన్ని చేసినట్టు జనం మీదికి వదలరు. టెస్టింగ్ అని పక్కన పెట్టి, ఏళ్ళ తరబడి గెలికి, తప్పులన్నీ ఏరేసి, ఇక ఫరవాలేదు అనుకున్నాక స్టేబుల్ అని విడుదల చేస్తారు. అందులో కొత్తగా ఏమొచ్చాయో చెబుతారు. వాటినే ఫీచర్లంటారు. ఈ ఫీచర్ల వల్లే మా ఇంట్లో ఇంత జరిగింది.

చిన్నాయనది పుంగనూరులో పశువుల దాణా అంగడి. తవుడు, చెనక్కాయ చెక్క, పత్తిగింజలు. ఇలాంటి మనిషికి లినక్స్ ఎక్కడ తగులుకుందని అడిగితే, మదనపల్లెలో పాత సామాన్ల అంగడిలో తగులుకుంది. అక్కడ కొన్న కంప్యూటర్ నడవనని మొండికేస్తే, ఎవరో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ ఒకటి చేతిలో పెట్టి వేసి చూడమన్నారు. వేశాడు, నడిచింది. అంతే, లోకంలో ప్రతిదీ ఆయనకు రెండు జాతులైపోయింది.

సుబ్బలక్ష్మమ్మ పిన్నమ్మ కొత్త ఆవకాయ వడ్డిస్తే పక్కకు తోసేవాడు.

"యాల తినవు?" అని ఆమె గద్దించేది.

"ఇంకా టెస్టింగ్‌లో ఉండాది. వానలు పడనీ."

"అంతవరకూ ఒట్టి సంగటే నీకు!"

"పెట్టు. సంగటి మా తాతల కాలం నుంచీ స్టేబుల్."

మదనపల్లె రూటులో కొత్త బస్సు వేస్తే ఊరంతా ఎక్కి చూసి వచ్చారు. ఈయన మాత్రం పాత డొక్కు బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు. సదుంలో ఎవరింటికో పెళ్ళిచూపులకు పెద్దమనిషిగా పిలుచుకుపోతే, పిల్లోడు ఎట్లుండాడప్పా అని అడిగారు. "మంచోడే. అయినా ఇంకో రెండేండ్లు టెస్టింగ్‌లో పెట్టండి" అన్నాడు. పిల్లోడి వాళ్ళు కాఫీలు తాగకుండా లేచిపోయారు. వాళ్ళకేమర్థమైందో ఎవరికీ తెలీదు. పిల్ల తరఫు వాళ్ళు ఇప్పటికీ ఈయన అంగట్లో తవుడు కొనరు.

ఇక మా నాయన సంగతి. మా నాయన చెంగయ్యది పెద్దపంజాణి పక్కన పల్లె. జీవితమంతా ఆవుల్ని మేపాడు, దాణా అంతా నల్లప్ప అంగట్లోనే కొన్నాడు, కొన్న ప్రతిసారీ తవుడులో ఊక ఎక్కువుందని ఆయన్ని తిట్టాడు. అలా తిట్టీ తిట్టించుకునీ ఇద్దరూ అన్నదమ్ములైపోయారు. మా నాయన తిట్టని రోజు మా ఇంట్లో పొయ్యి వెలగనట్టే. ఆవుల్ని, వానల్ని, కరెంటోళ్ళని, అందరికన్నా ఎక్కువ మా అమ్మని తిట్టేవాడు. మా అమ్మ మునెమ్మ అందుకు రెట్టింపు తిట్టేది.

అమ్మ పోయాక నాయన నోరు పడిపోయింది. జబ్బేమీ లేదు. నేను కుప్పం పిలుచుకొచ్చి పెట్టుకున్నాను. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని గేటు వైపు చూస్తాడు, పెట్టింది రెండు ముద్దలు గెలికి లేస్తాడు. డాక్టరు అన్నీ చూసి, "మందుల్తో అయ్యేది కాదమ్మా. ఎట్లయినా మాట్లాడించండి. ఇట్లే ఉంటే మనిషి నిలబడడు" అన్నాడు. నేను ఆవుల గురించి మాట్లాడాను, వానల గురించి మాట్లాడాను, ఉప్పు లేకుండా కూర కూడా వండి పెట్టాను. తిట్టలేదు. అప్పుడు భయమేసింది నాకు.

ఆ ఏడు ఆయుధపూజ మర్నాడు నల్లప్ప చిన్నాయన సంచి భుజాన వేసుకుని ఊడిపడ్డాడు.

"అన్నా! కొత్త స్టేబుల్ వచ్చేసింది!"

నాయన ఆయన వైపు చూసి మళ్ళీ గేటు వైపు తిరిగాడు. చిన్నాయన కాస్త నొచ్చుకుని, సీడీ తీసి మా కంప్యూటర్‌లో వేశాడు. అది కరకరమని మూలిగి ఊరుకుంది. తీశాడు, తుడవకుండానే మళ్ళీ వేశాడు. మళ్ళీ మూలిగింది. "స్టేబుల్ గదమ్మా! స్టేబుల్ ఇట్ల చెయ్యదే!" అని ఆయన మొహం వేలాడేశాడు. నేను సీడీ తీసి చూసి తెల్లబోయాను. మెరిసే వైపు నిండా గంధం, మూడు చోట్ల కుంకుమ బొట్లు.

ఏం జరిగిందో అప్పుడు బయటపడింది. పిన్నమ్మ ఆయుధపూజకు అంగట్లో తక్కెడకు, గోతాలు కుట్టే సూదికి, కాలిక్యులేటర్‌కు గంధం పెట్టి, ఆ చేత్తోనే సీడీలకు కూడా పెట్టింది. రెండు పక్కలా చూసి, అద్దంలా మెరిసేదే మొహం అనుకుంది. అక్షరాలున్న వైపు వీపు అనుకుంది.

"చిన్నాయనా, కంప్యూటర్ చదివేది ఈ మెరిసే పక్కనే" అన్నాను.

కుర్చీలోంచి ఒక శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే మా నాయన.

"ఒరే నల్లప్పా! కండ్లల్లో గంధం పూసి సూడమంటే అదెట్ల సూస్తాదిరా!"

నేను నిలబడినచోటే నిలబడిపోయాను. చిన్నాయన మాత్రం ఏమీ జరగనట్టు వెంటనే అందుకున్నాడు. "అది కాదన్నా, దీంట్లో ఏమేం ఫీచర్లు ఉండాయో విను. కరెంటు పోయినా ఫైళ్ళు చెడిపోవంట!"

"కరెంటంటూ ఉంటే గదరా పోయేదానికి!"

"మొత్తం ఏడు సీడీలన్నా!"

"యాల ఏడు? ఒకదాంట్లో పట్టేటట్ల చెయ్యడం చేతకాలేదా వాళ్ళకు? నీ తవుడు మాదిరి ఊక కలిపినారా?"

ఆ పూట నాయన తిడుతూ తిడుతూ సంగటి ముద్దలు మింగాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చుకుని వచ్చాను. తిట్లు వింటే ప్రాణం లేచొస్తుందని అప్పుడే తెలిసింది.

అయితే ఫీచర్లకు ఒక చిక్కుంది. అవి అయిపోతాయి. చిన్నాయన మళ్ళీ వచ్చి అవే చెప్పాడు. ఒకసారి తిట్టిన ఫీచర్ని మా నాయన రెండోసారి తిట్టడు. మళ్ళీ గేటు వైపు తిరిగిపోయాడు, సంగటి మళ్ళీ రెండు ముద్దలకు దిగింది.

"ఇంకో స్టేబుల్ ఎప్పుడొస్తాది చిన్నాయనా?"

"తయారైనప్పుడు వస్తాది."

"అదే, ఎప్పుడు?"

"తయారైనప్పుడు పాపా."

"పోనీ, టెస్టింగ్‌లో ఉండేవైనా నాయనకు చెప్పగూడదా?"

ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. "నీరజా! సదువుకున్న పిల్లవు, అనాల్సిన మాటేనా అది? రేపు వాళ్ళు తీసేస్తే? నా మాటకేం విలువుంటాది?" అని సంచి సర్దుకుని పుంగనూరు బస్సెక్కాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి ప్రాణం కన్నా ఎక్కువా ఈ స్టేబుల్ అని.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం బట్టలారేస్తుంటే గేటు బయట చిన్నాయన కనిపించాడు. చెప్పులు విడిచాడు, సంచి కింద పెట్టాడు, ఉత్తరం వైపు తిరిగి కళ్ళు మూసుకుని టపటపా లెంపలేసుకున్నాడు. మా వీధిలో ఉత్తరం వైపు సైకిల్ అంగడి తప్ప గుడీ గోపురం ఏమీ లేవు. పెద్దతనం వచ్చి మతి తప్పుతోందేమో అనుకున్నాను.

"అన్నా! కొత్త స్టేబుల్ వచ్చేసింది!" అని లోపలికొచ్చాడు.

నాయన కుర్చీలో కదిలాడు. "ఏముండాది దాంట్లో?"

"రామకుప్పం పక్క అడవిలోంచి ఏనుగులు దిగినాయంటే, కంప్యూటరే ముందుగా గంట కొడ్తాది!"

నేను తడిచీర భుజాన వేసుకుని అలాగే లోపలికి వచ్చేశాను. కంప్యూటర్ టీచర్ని కదా, ఏనుగులకూ సీడీకీ సంబంధం ఎక్కడా తట్టలేదు.

"ఏనుగు నీ కంప్యూటర్‌కు చెప్పి వస్తాదేమిరా! అది దొంగదారిలో వస్తాది!"

"దానికీ ఉండాదన్నా. దొంగదారి ఫీచర్."

"తూ!"

"ఇంకోటి విను. ఆవును దాని ఎదురుగా నిలబెడితే, ఈ పూట ఎన్ని లీటర్లు ఇస్తాదో సెప్తాది."

"ఎదురుగా నిలబెడితే పాలు యాడ కనపడతాయిరా మొద్దూ! ఎనక్కి తిప్పి నిలబెట్టల్ల! ఆవును సూడనోళ్ళు చేసినట్లుండారు దాన్ని!"

ఆ రోజు మధ్యాహ్నం దాకా మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. నాయన కుర్చీలోంచి లేచి, ఆవును ఎలా నిలబెట్టాలో నన్నే ఆవుగా నిలబెట్టి చూపించాడు. నాకు సంతోషమూ, అయోమయమూ రెండూ కలిసి తల తిరిగింది. సాయంత్రం నెట్ సెంటర్‌కి పోయి వెతికాను. కొత్త స్టేబుల్ రాలేదు. పాతదే ఉంది. కొత్తది ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలీదు.

పరుగెత్తుకుంటూ బస్టాండుకు పోతే, చిన్నాయన చెనక్కాయలు ఒలుచుకుంటూ బస్సు కోసం కూర్చుని ఉన్నాడు.

"చిన్నాయనా, స్టేబుల్ ఇంకా రాలేదు కదా?"

ఆయన చెనక్కాయలు ఒలవడం ఆపాడు. "శనివారం శనివారం మదనపల్లెకు పోయి నెట్‌లో సూసేటోన్ని, నాకు తెలీదా పాపా?"

"మరి యాల చెప్పినావు?"

"మీ నాయన తిట్టకుండా కూసోనుంటే నేను సూడలేకపోతాండాను. వదిన ఉన్నన్నాళ్ళు ఎంత వైభోగంగా తిట్టేటోడు!"

"అందుకేనా గేటు కాడ లెంపలేసుకునింది?"

"పాపం వాళ్ళు ఎంత నిష్ఠగా చేస్తాండారు! వాళ్ళ పేరు మీద అబద్ధం సెప్తాండాను గదా, తప్పు కాదా? వాళ్ళు యా దిక్కున ఉంటారో తెలీదు. ఉత్తరం అనుకుని ఆ పక్కకు తిరిగి వేసుకుంటాండాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆవకాయ కూడా వానలు పడందే ముట్టని మనిషి, మా నాయన కోసం ఇంత పచ్చి అబద్ధాన్ని వేడివేడిగా తెచ్చి వడ్డిస్తున్నాడు. చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాను. ఆయన చెనక్కాయలు నా దోసిట్లో పోసి, "అదంతా ఉండనీ పాపా. నాకు ఏనుగులు, ఆవులు తప్ప ఇంకేం తోచడం లేదు. నువ్వు టీచరమ్మవు గదా, వచ్చేసారికి కొంచెం నాలుగు ఫీచర్లు ఆలోచించు" అన్నాడు. బస్సు వచ్చేదాకా ఇద్దరం కూర్చుని ఆలోచించాము. కుక్కర్ కూతలు లెక్కపెట్టే ఫీచరు నాదే.

ఆ తర్వాత మా ఇంటికి స్టేబుల్ నెలకొకటి వచ్చింది. నాయన వాటన్నిటినీ చీల్చి చెండాడి, సంగటి తిని, ఒళ్ళు చేసి, వీధిలో కూరగాయల వాళ్ళను కూడా తిట్టే స్థాయికి వచ్చాడు. ప్రతిసారీ గేటు బయట ఉత్తరం తిరిగి టపటపా లెంపలు. చిన్నాయన బుగ్గలు ఎర్రగా ఉంటే ఫీచర్లు బాగున్నాయని నేను గుర్తుపట్టేదాన్ని.

చివరికి రెండువేల ఐదులో, ఎండలు తగ్గుతున్న రోజుల్లో, నిజం స్టేబుల్ వచ్చింది. చిన్నాయన కొత్త పంచె కట్టుకుని, సీడీలకు అక్షరాల వైపే గంధం పెట్టించుకుని, గేటు తోసుకుని నేరుగా లోపలికి వచ్చేశాడు.

"అన్నా! వచ్చేసింది! కంప్యూటర్లోకి ఎక్కించే ప్రోగ్రాం మొత్తం కొత్తగా రాసినారు. మిషన్లో ఏమేముండాయో అదే కనుక్కుంటాది! ఎన్నో భాషలుండాయి!"

నాయన అంతా విన్నాడు. ఆవులించాడు. "ఇంతేనా? ఏనుగులది ఏమాయ?"

చిన్నాయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "దాన్ని... తీసేసినారన్నా."

"ఏం బాగలేదురా ఇది. పోయినసారిదే మేలు."

మూడేళ్ళు కాచుకున్న మనిషి, మొహం చిన్నది చేసుకుని సంచి తీసుకుని బయటికి నడిచాడు. నేను నాయన మీద విరుచుకుపడబోయాను. ఆయన కిటికీలోంచి గేటు వైపే చూస్తూ, "ఈసారి నిజంగా వచ్చినట్లుండాది పాపా. లెంపలేసుకోకుండా వచ్చినాడు" అన్నాడు.

"నాయనా! నీకు తెలుసునా?"

"కిటికీ కాడ కూసోని ఇన్నాళ్ళూ ఏం సూస్తాండాననుకున్నావు? నా కోసం నెలనెలా ఒకడు వీధిలో నిలబడి సెంపలు వాయించుకుంటా ఉంటే, నేను తిట్టకుండా ఎట్లుండేది?"

గేటు దగ్గర చిన్నాయన ఆగాడు. సంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, ఉత్తరం వైపు తిరిగాడు. టపటపమని ఇక్కడికి వినిపించింది.

నాయన గబగబా కుర్చీలో సర్దుకుని మొహం చిటపటలాడించుకున్నాడు. "వస్తాండాడు. నువ్వు ఏమీ తెలీనట్లుండు. సంగటి ఇంకో ముద్ద ఎక్కువ కెలుకు."

"అన్నా!" తలుపు దగ్గర ఎర్రటి బుగ్గలతో చిన్నాయన. "అసలు సంగతి మర్సిపోయినా. ఏనుగులది తియ్యలేదంట. ఈసారి అడవిపందులకు గూడా పెట్టినారు!"