కపిల పాటను పాఠం చేయబోయిన మా పెద్ద పండితులు

మా పెద్ద పండితులు పోయారని రాయచోటి నుంచి కార్డు వచ్చింది. సోమవారం రెండో గంట కొట్టాక బడి జవాను తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన పోయి అప్పటికే నాలుగు రోజులు. రాసింది ఆయన అల్లుడు. గుండెనొప్పి వచ్చిందట, డాక్టరు వచ్చేలోపే అయిపోయిందట, మీకు తప్పకుండా తెలియజేయమని ఇంట్లో అన్నారట. అంతే. కార్డు జేబులో పెట్టుకుని మూడో ఫారానికి పోయి సంధులు చెప్పాను. ఏం చెప్పానో ఆ పిల్లలకే తెలియాలి.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. కనుక మెత్తని మాటల కోసం చూసేవారు ఇక్కడితో ఆపేసినా నాకేం అభ్యంతరం లేదు.

ఆ శుక్రవారం కర్నూలులో సంతాపసభ పెట్టారు. ఆయన బతికుండగా ఒక్క సభకు పిలవనివాళ్ళు, పోయాక కుర్చీలు అద్దెకు తెచ్చి మరీ పిలిచారు. పాఠ్యపుస్తకాల సంఘానికి ఒకప్పుడు అధ్యక్షులుగా ఉన్న పెద్దమనిషి లేచి, "ఆయన అజాతశత్రువు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయ్యా, ఆయనకు శత్రువులు లేకపోవడమేమిటి? మీరు లేరా? ఆయనను ఇరవై ఏళ్ళుగా ఉన్న ఊరి నుంచి లేపి రాయచోటికి విసిరింది ఎవరి సిఫారసు? కానీ నేనూ నోరు మెదపలేదు. ముందు వరసలో కూర్చుని చేతులు కట్టుకుని విన్నాను. కోపంలో నా వాటా కూడా ఉందని అందుకే ముందుగా చెప్పుకుంటున్నాను.

ఆయన పెద్ద తెలుగు పండితులుగా ఉన్న మా కర్నూలు బడిలో నేను చిన్న పండితుడిగా చేరిన రోజు నన్ను అడిగిన మొదటి మాట, "ఏమప్పా, ఉగ్గాని తిన్నావా?" అని. ఉద్యోగంలో చేరిన పత్రం అటుంచి, నన్ను బజారుకు పిలుచుకుపోయి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించారు. తింటూనే మొదలుపెట్టారు. ఏది సాహిత్యం? నేను చదువుకున్నదంతా వల్లించాను. ఆయన విని, బజ్జీ తుంచుతూ, "అది కాదప్పా. ఒక మాట తీసి ఇంకో మాట పెట్టి చూడు. నొప్పి పుట్టాల. పుట్టకపోతే అది పిల్లోల్లకు చెప్పేంత సరుకు కాదు" అన్నారు. ఇంత పెద్ద ప్రశ్నకు ఇంత చిన్న జవాబా అని అప్పుడు లోలోపల నవ్వుకున్నాను. నా చదువు మదం అలాంటిది.

పిల్లల వ్యాసాలు ఆయన ఎర్రసిరాతో దిద్దేవారు కాదు, పెన్సిలుతో దిద్దేవారు. ఎందుకంటే, "తప్పు నాదైతే నేనూ చెరుపుకోవాల గదప్పా" అనేవారు. ఇన్‌స్పెక్టరు వచ్చి దానికి కూడా సంజాయిషీ అడిగిపోయాడు. నల్లబల్ల తుడిచే గుడ్డ ఎప్పుడూ దొరికేది కాదు, ఉత్తరీయం కొంగుతోనే తుడిచేవారు. సాయంత్రానికి భుజం మీద సగం పద్యాలు తెల్లగా పొడిపొడిగా ఉండేవి. ఇంట్లో అమ్మగారు ఆ ఉత్తరీయం దులుపుతూ తిట్టే తిట్లు వీధి చివరికి వినబడేవి.

ఒక శనివారం పొద్దున ఆయన నాలుగో ఫారం పిల్లలను బడి నుంచి బయటికి నడిపించారు. ఛందస్సు పాఠం అన్నారు. నేనూ వెంటపోయాను. కల్లూరు దాటి, జొన్నచేల మధ్య ఒక బావి దగ్గర ఆపారు. దస్తగిరి అనే ఆయన అక్కడ కపిల తోలుతున్నాడు. కపిల చూడనివాళ్ళ కోసం చెబుతాను. బావి ఒడ్డు నుంచి కిందికి వాలుగా దారి ఉంటుంది. ఎద్దులు ఆ వాలులో దిగుతూ మోకు లాగితే, నీళ్ళ బాన పైకి వస్తుంది. తోలే మనిషి మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. నీళ్ళు కాలవలో పడ్డాక ఎద్దులు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పైకి ఎక్కాలి. ఎద్దుకు అది ఇష్టం ఉండదు. అందుకని పాట.

దస్తగిరి పాడాడు.

*బాయిలో నీల్లు బానెడే ఉండాయి యెర్రోడా*
*ఎనక్కి రా*
*బానలో ఆకాశం మూరెడే ఉండాది యెర్రోడా*
*ఎనక్కి రా*
*మూరెడాకాశం మడికి పోస్తాండా యెర్రోడా*
*ఎనక్కి రా*
*మొలిస్తే మొలిచిందాంట్లో నీకు సగం నాకు సగం*
*ఎనక్కి రా*

యెర్రోడంటే కుడిపక్క ఎద్దు. ఎద్దులు దిగుతున్నంతసేపూ పొడుగు పాదం, ఎక్కుతున్నప్పుడు పొట్టి పాదం. పెద్ద పండితులు పిల్లలను ఒక్కొక్కరినే ఎద్దుల వెంట నడిపించారు. దిగుతూ పొడుగు పాదం అనమన్నారు, ఎక్కుతూ పొట్టి పాదం అనమన్నారు. తర్వాత మార్చి చెప్పమన్నారు. పిల్లలు మార్చి చెబితే దిగేటప్పుడు నోరు ఊరికే ఉండిపోయింది, ఎక్కేటప్పుడు ఊపిరి చాలలేదు. అందరూ విరగబడి నవ్వారు. "చూసినారా? పాదం యాడ ఆగాలనో చెప్పింది కాలు. పుస్తకం కాదు" అన్నారు ఆయన. దస్తగిరికి ఏమీ అర్థం కాలేదు. "ఏమి సామీ, నా ఎద్దులు గూడా బడికొస్తాండాయా?" అని అడిగాడు.

పెద్ద పండితులు ఆ పాటను పెన్సిలుతో నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆ బావికి పోయారో లెక్కలేదు. ఫస్టు ఫారం తెలుగు వాచకంలో ఈ పాటను పాఠంగా పెట్టించాలని ఆయన పట్టు. కింద దస్తగిరి పేరు ఉండాలి. ఆయన అడిగింది అంతే. కనకాభిషేకం అడగలేదు, గండపెండేరం అడగలేదు, వాచకంలో ఒక పేజీ అడిగారు.

అప్పుడు రాజధాని కర్నూలే. సగం ఆఫీసులు డేరాల్లో. పాఠ్యపుస్తకాల సంఘం కూడా ఒక డేరాలో కూర్చుంది. మే నెల. బయట ఎండ, లోపల అంతకన్నా ఎక్కువ ఉక్క. పెద్ద పండితులు నన్ను వెంటబెట్టుకుపోయి పాట చదివి వినిపించారు. సంఘంలో ముగ్గురు. ఒకాయన, "ఇది ఏ జిల్లా భాషండీ?" అన్నారు.

"ఈ రాజధాని ఉండే జిల్లా భాష సామీ" అన్నారు మా పెద్ద పండితులు.

అధ్యక్షులు గొంతు సవరించుకుని, "కవి ఎవరు?" అన్నారు.

"దస్తగిరి."

"కాలం?"

"పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా. మళ్ళా ఎండ తగ్గినాక."

నాకు నవ్వు ఆగలేదు. అధ్యక్షులకు మాత్రం తల కొట్టేసినట్టయింది. బతికున్న మనిషి పాట పాఠ్యపుస్తకంలో ఎలా వేస్తామన్నారు. కూలీవాడి పేరు కవిపేరుగా వేస్తే నవ్వుతారన్నారు. లక్షణం లేనిది లక్ష్యం ఎలా అవుతుందన్నారు. ఇక్కడ నేను అడుగుతున్నాను. ఏది సాహిత్యమో నిర్ణయించే ముగ్గురిలో ఒక్కరైనా ఆ బావి దగ్గరికి పోయి నిలబడ్డారా? ఆకాశాన్ని మూరతో కొలిచి, దాన్ని మడికి పోసి, మొలిచినదాంట్లో ఎద్దుకు సగం రాసిచ్చిన మనిషిని కవి అనకుండా ఇంకెవరిని అంటారు? మన వాచకాల నిండా చచ్చు నీతులు, ఎవరికీ నొప్పి పుట్టని పద్యాలు. వాటికి గణాలున్నాయి కాబట్టి అవి సాహిత్యం! పిల్లలు వాటిని బట్టీ పట్టి, పరీక్ష రాసి, గేటు దాటేలోపు మరిచిపోతారు. ఎవరికీ బాధ లేదు.

సరే, వాళ్ళను తిట్టడం తేలిక. నేను చేసినది చెబుతాను.

సంఘానికి ఇవ్వడానికి పాటను సాపు రాయమని పెద్ద పండితులు నాకు ఇచ్చారు. నేను రాత్రంతా కూర్చుని దాన్ని "బాగుచేశాను." ఆయనకు చెప్పలేదు. పాట పుస్తకంలోకి పోవాలంటే మంచి బట్టలు కట్టాలి గదా అనుకున్నాను. ఆయన మీద ప్రేమతోనే చేశాను, అది కూడా నిజమే. ద్విపదలో పెట్టాను.

*కూపమందున నీరు కొలదిగా నుండె*
*దీపించె నందులో దివ్యమౌ నభము*

ఇలా మొత్తం. గణాలు కుదిరాయి, యతి కుదిరింది, ప్రాస కుదిరింది. ఎద్దుకు మాత్రం ఎక్కడా చోటు కుదరలేదు. మూర కూడా పోయింది.

డేరాలో అధ్యక్షులు ఫైలు తిరగేస్తూ ఆ కాగితం తీసి చదివారు. మొహం వికసించింది. "ఇదేదో చాలా బాగుందే! దీన్ని వేసుకోవచ్చు. జానపద గేయానికి పండిత పరిష్కరణ అని కింద వేద్దాం. కవి పేరు అక్కరలేదు" అన్నారు.

పెద్ద పండితులు కాగితం తీసుకుని చదివారు. నా వైపు చూశారు. తర్వాత అధ్యక్షులతో, "ఇది మా చిన్న పండితులు కట్టిన ద్విపద. తప్పుల్లేవు. కావాలంటే ఆయన పేరుతో వేసుకోండి. దస్తగిరి పాట మాత్రం ఇది కాదు" అన్నారు. కాగితం నా చేతికిచ్చి, తన నోటుబుక్కు చంకన పెట్టుకుని బయటికి నడిచారు. పాట ఆ రోజుతో పోయింది.

ఎండలో ఆయన వెనక పరుగెత్తాను. "ఎందుకు మార్చినావప్పా?" అన్నారు.

"గౌరవంగా ఉంటుందని..."

"దానికి గౌరవం నువ్వు పెట్టల్నా? అది నీ కాడికి వచ్చి అడిగిందా?" అన్నారు. నా మీద ఆయన గొంతు పెంచింది ఆ ఒక్కసారే. తెల్లారి మళ్ళీ మామూలుగా, "ఏమప్పా, ఉగ్గాని తింటావా?" అన్నారు. ఆ మంచితనం నేను ఈరోజుకీ భరించలేకపోతున్నాను. రెండు నెలల్లో ఆయనకు రాయచోటికి బదిలీ వచ్చింది.

సంతాపసభ అయ్యాక అధ్యక్షులు నన్ను పక్కకు పిలిచారు. రాజధాని హైదరాబాదుకు పోయినా ఆయన మాట ఇంకా అక్కడ చెల్లుతుందట. "మీ ద్విపద ఉందిగా, ఇవ్వండి. వచ్చే ఏటి వాచకంలో పండితులవారి స్మృతికి అంకితంగా వేయిద్దాం. ఆయన ఆత్మకు శాంతి" అన్నారు. వెంటనే వద్దనాల్సింది. వారం గడువు అడిగాను. అడిగినందుకు సిగ్గుపడుతున్నాను. ఆ కాగితం ఇవ్వనని ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను గానీ, ఆ రోజు నా మనసు ఊగింది. నాలుగేళ్ళు దాన్ని పెట్టెలో చీరమడతలా దాచుకున్నవాణ్ణి.

మొన్న ఆదివారం ఆ కాగితం జేబులో పెట్టుకుని కల్లూరు వైపు పోయాను. పెద్ద పండితులు పోయారన్న మాట దస్తగిరికి చెప్పాలి గదా. పక్క చేలో ఆయిలింజను కొట్టుకుంటోంది. దస్తగిరి ఇంకా కపిలే తోలుతున్నాడు. విని, ఎద్దులను ఆపేసి ఒడ్డున కూలబడ్డాడు. కాసేపు తువ్వాలతో మొహం మూసుకున్నాడు. "రాయచోటికి పోయినాక ఒక్కతూరి గూడా రాల్యా సామీ ఆయన. నేనేం తప్పు జేస్తినో అనుకుంటాంటి" అన్నాడు.

అప్పుడు మా పెద్ద పండితుల మీద కూడా నాకు కోపం వచ్చింది. సంఘాన్ని నిలదీసిన మనిషి పాట పోయిందని ఈయనకు ఒక్క మాట చెప్పలేకపోయారు. చెప్పడానికి మొహం చెల్లక రాలేదని నాకు అర్థమయింది. అర్థమైనా కోపం వచ్చింది.

దస్తగిరి గుడిసె వైపు కేకేసి మనవరాలిని పిలిచాడు. పదేళ్ళ పిల్ల. చేతిలో కొత్త ఫస్టు ఫారం వాచకం, నీటుగా అట్ట వేసుకుంది. "బడి తెరిచి పది దినాలాయ సామీ. ఈయమ్మి ఫస్టు ఫారానికి వచ్చేతలికి నా పాట బుక్కులో ఉంటాదని అయ్యవారు చెప్పినాడు. దాని కోసరమే బడి మాన్పించలే. మా వాల్లంతా ఆడపిల్లకు సదువేంది, కూలికి పంపీ అన్న్యారు. నేనినలే. ఇప్పుడు సూస్తే కనపల్లేదంటాది. రొండు తూర్లు తిరగేసినాది."

లేదని చెప్పలేక జేబులోని కాగితం తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. వచ్చే ఏడు ఇదైనా ఉంటుందని చెప్పబోయానేమో. రాగం పెట్టి ద్విపద మొత్తం చదివాను. దస్తగిరి చేతులు కట్టుకుని, తల వంచుకుని, మర్యాదగా చివరిదాకా విన్నాడు.

"శానా బాగుండాది సామీ. పెద్దోల్లు కట్టినట్టుండాది. ఎవురిది?" అన్నాడు.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన జవాబు కోసం ఆగలేదు. మనవరాలి వైపు తిరిగి, "మనది యాడో ఉంటాది మ్మే. అయ్యవారు అబద్ధం చెప్పడు. ఇంగొక తూరి మొదట్నించి సూడు" అన్నాడు. ఆ పిల్ల బావి ఒడ్డున బాసీపట్లు వేసుకుని కూర్చుని, వేలు తడిచేసుకుని, మొదటి పేజీ తీసింది.