అంకణాల లెక్కకు రాని మండువా

మా ఇంటి విషయంలో జరిగిన అన్యాయాలను జరిగిన వరుసలోనే ముందుగా రాస్తున్నాను.

1958, ఆశ్వయుజం: ఇల్లు పంచిన పెద్దమనుషులు, మండువా ఎవరిదో పంపకం పత్రంలో రాయకుండా వదిలేశారు.

1961, మాఘం: మా పెదనాన్న కొడుకు తన వంతుకు వచ్చిన దక్షిణపు సగాన్ని మాకు మాటమాత్రం చెప్పకుండా ఒక ఉప్పు వ్యాపారికి అమ్మాడు.

1961, వైశాఖం: కొన్నవాడు మండువా నడిమధ్యన గోడ లేపాడు. మంచినీళ్ల రాతితొట్టి, నీళ్లు బయటికి పోయే తూము రెండూ అవతలి వైపు పడ్డాయి.

1963, కార్తీకం: మా వంటింటి గోడ కూలింది.

1964, వేసవి: మా అమ్మ ఇల్లు విడిచింది.

ఇక వివరం.

ఆ స్థలం మొదట ఒక పడవల యజమానిది. కాలువకు, సముద్రానికి మధ్యనున్న ఇసుక దిబ్బ మీద ఆయనకు ఒక తాటాకుల కొట్టం ఉండేది. మా తాత దాన్ని కొని, కొట్టం తీయించి, బావి తవ్వించాడు. నీళ్లు ఉప్పగా పడ్డాయి. మరోచోట తవ్వించాడు. అవీ ఉప్పే. మూడో బావి తవ్వించే బదులు ఆయన ఇంటి రూపమే మార్చుకున్నాడు. నాలుగు వైపులా గదులు, వాటి మీద లోపలికి వాలిన పెంకుల కప్పు, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా. ఏ మూల పడ్డ చినుకైనా జారి మండువాలోకే రావాలి. అక్కడ ఒకే రాతిలో తొలిచిన పెద్ద తొట్టి. అది నిండి పొర్లిన నీళ్లు దక్షిణపు గదుల కిందుగా వేసిన తూము గుండా కాలువ వైపు పోయేవి. టేకు దూలాలు మద్రాసు నుంచి అదే కాలువలో పడవ మీద వచ్చాయి. గోడలకు పులికాటు గుల్లలు కాల్చి తీసిన సున్నం వాడారు. తొలకరిలో కప్పు కడిగి, ఆ మొదటి వాన నీళ్లు తూములోకి వదిలేసి, తర్వాతి వానలను తొట్టిలో పట్టుకునేవాళ్లం. ఆ నీళ్లతోనే వంట, ఆ నీళ్లే తాగడానికి.

మా ప్రాంతంలో ఇంటిని అంకణాల్లో కొలుస్తారు. రెండు దూలాల నడిమి చోటు ఒక అంకణం. మా ఇల్లు పదహారు అంకణాలు. పెదనాన్న, నాన్న ఇద్దరూ పోయాక, నెల్లూరులో వ్యాపారం పెట్టదలచిన అన్న, అంటే పెదనాన్న కొడుకు, పంపకం అడిగాడు. పెద్దమనుషులు ముగ్గురు వచ్చారు. మెడలు పైకెత్తి, గది గదికీ తిరుగుతూ దూలాలు లెక్కపెట్టారు. పెద్దవాడికి దక్షిణం, చిన్నవాడికి ఉత్తరం అన్నది మా వైపు ఆనవాయితీ. ఆ ప్రకారం అన్నకు ఎనిమిది, నాకు ఎనిమిది. పత్రం రాయడం పూర్తవుతుండగా తలుపు చాటు నుంచి మా అమ్మ మాట వినిపించింది.

"మండువా సంగతి రాయలేదే."

ముగ్గురిలో వయసు మళ్లినాయన నవ్వాడు. "అమ్మా, ఆడ దూలమే లేకపాయె. దూలం లేంది అంకణం యాడిది? అంకణం లేందాన్ని పంచేదెట్టా?"

"పంచమని అడగలా. ఇద్దరిదీ అని ఒక ముక్క రాయమంటుండా."

"రాస్తే రేపు నువ్వెంత నేనెంత అని కొట్టుకుంటారు. రాయకుంటే కలిసి తాగతారు. ఇంతకీ ఆకాశానికి పత్రమేంది తల్లీ, వానొస్తే ఇద్దరూ తడవండి."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వుతూ, "పిన్నమ్మా, నీళ్ల కాడ నీకూ నాకూ తగువేంది?" అన్నాడు. అమ్మ తలుపు దగ్గర నుంచి లోపలికి వెళ్లిపోయింది. ఆ పెద్దమనిషికి చెడు ఉద్దేశం ఉందని నేను అనను. దూలం లేనిచోట హక్కు కూడా ఉండదన్నంత గట్టిగా అంకణాన్ని నమ్మినవాళ్లు చేసిన పొరపాటు అది.

మూడేళ్ల తర్వాత గోడ లేస్తున్నప్పుడు నేను వెళ్లి ఉప్పు వ్యాపారిని అడిగాను. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు.

"మీ అన్న ఇచ్చిన కాయితంలో మండువా మొత్తం నాదనే ఉండాదయ్యా. ఆడోళ్లు మసలే తావు గదా అని సగం కాడ ఆపినా. నువ్వు నాకు దండం పెట్టాల్సింది పోయి, దబాయిస్తుండావే."

"ఆ కాయితం ఒకసారి చూపించండి."

"చూసేది మీ అన్న కాడ చూసుకో. రాసింది ఆయన."

దక్షిణపు గదుల నిండా ఉప్పు బస్తాలు చేరాయి. తూము మీద బస్తాల కోసం బండలు పరిచి నోరు పూడ్చేశారు. మా కప్పు మీద పడిన వాన మా సగం మండువాలోకి దిగి, కొత్త గోడకు కొట్టుకుని, పోయే దారి లేక నిలిచిపోయేది. మేము కుండలతో ముంచి వీధిలో పోశాం. మా అమ్మ మాత్రం ఆ మురికి నీళ్లను కాక వంటింటి గోడనే చూస్తూ ఉండేది. "గుల్ల సున్నానికి గాలి తగిలితే రాయి, నీళ్లు నిలిస్తే మజ్జిగ," అని మా తాత అనేవాడట. గోడ అడుగున మొదట చెమ్మ కనిపించింది, తర్వాత తెల్లటి పొడి రాలింది, తర్వాత వేలితో తోస్తే ఇటుక కదిలింది. అన్నకు జాబులు రాశాను, నకళ్లు ఉంచుకున్నాను. జవాబు రాలేదు. నెల్లూరు వెళ్లి అడిగితే, "చూద్దాంలే తమ్ముడా, భోంచేసి పో," అన్నాడు. భోంచేయకుండా తిరిగి వచ్చాను.

కార్తీకపు ముసురులో ఒక మధ్యాహ్నం ఆ వంటింటి గోడ మండువా వైపు ఒరిగిపోయింది. దానితోపాటు రెండు అంకణాల కప్పు దిగింది. అమ్మ అప్పుడు వీధి అరుగు మీద ఉంది కాబట్టి బతికింది.

అన్న పరామర్శకు వచ్చాడు. కూలిన దూలాలను చూసి, టేకు చెడిపోలేదని అన్నాడు. అమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. ఒక గుక్క తాగి చెంబు కింద పెట్టాడు.

"ఉప్పగా ఉండాయా నాయనా? బావి నీళ్లు. నువ్వు తాగి పెరిగిన నీళ్లు ఆ గోడకవతల ఉండాయి. పోయి అడిగి తాగు."

అన్న కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"ఒక్క మాట చెప్పి పో. మండువా నాదని రాసిచ్చినావా, లేదా?"

"బస్సుకు పొద్దుపోతుండాది పిన్నమ్మా," అని లేచాడు. మండువాను దాటకుండా వీధి వైపు నుంచే వెళ్లిపోయాడు.

ఆ వేసవికి అమ్మను సంగంలోని పుట్టింటికి పంపాను. అక్కడ పెన్న ఉంది, నీళ్లకు కరువు లేదు. అయినా ఆమెకు ఆ నీళ్లు సయించలేదు. ఏటి నీళ్లకు రుచి లేదనేది. చూడబోయినప్పుడల్లా, ఎలా ఉన్నావని అడగకముందే, "అన్న ఏమన్నాడు?" అని అడిగేది. ఇల్లు తిరిగి రాదని ఆమెకు తెలుసు. ఇద్దరూ తాగే నీళ్లను ఒకడు తనవని రాసిచ్చాడా, లేక కొన్నవాడే అబద్ధమాడాడా, అంతవరకే ఆమె తెలుసుకోగోరింది. నేను తెచ్చిన జవాబు ఏనాడూ లేదు. అరవై ఏడులో, వానలు మొదలు కాకముందే ఆమె పోయింది. చివరి రోజుల్లో నాతో ఒకటే చెప్పింది: "అడగడం మాత్రం మానబాక."

మానలేదు. ఉప్పు వ్యాపారి పోయాడు, ఆయన వారసుల దగ్గర ఆ కాగితం లేదు, రిజిస్టరు చేయించలేదు గనుక కచేరీలో దాని నకలూ లేదు. పెద్దమనుషులు ముగ్గురూ లేరు. రెండు సగాలూ కూలిపోయి, ఇంటి చోట ఇప్పుడు ఆ నడిమి గోడ ఒక్కటే ఉంది. రెండు వైపులా ఇల్లు లేని గోడ అది. జవాబు చెప్పగలిగినవారు ఇక ఒక్కరే.

కాబట్టి అన్నగారికి మనవి. 1961లో తాము రాసిచ్చిన విక్రయపత్రంలో మండువాను తమ సొంతమని చూపారా, లేదా? చూపి ఉంటే, ఏ హక్కుతో? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తమ చేతిరాతతో, కింద చేవ్రాలుతో నాకు పంపవలసిందిగా కోరుతున్నాను. క్షమాపణ అడగడం లేదు, పరిహారమూ అడగడం లేదు. మనిషిని పంపి చెప్పించే కబురును మాత్రం అంగీకరించను. రాయకుంటే కలిసి తాగుతారన్న మాటను నమ్మి ఒకసారి ఊరుకున్నాం.