అంకన్న గోడ

తర్లుపాడులో మేకలు మేపుకుని బతికే నాగేంద్రమ్మది మట్టి మిద్దె. దూలాలకు చెదలు పట్టడంతో నిరుడు ఎండాకాలం మిద్దె మొత్తం విప్పించింది. పాత దూలాల ఒక కొస బావ అంకన్న ఇంటికీ తన ఇంటికీ నడుమనున్న ఉమ్మడి గోడ మీద ఉండేది. కొత్తవి ఎక్కించేనాడు అంకన్న అడ్డం తిరిగాడు.

"మొగుడు లేనిదానికి మిద్దె ఏంది? రేకులేసుకో. ఈ గోడ నాది, నీ దూలం పెట్టనియ్యను," అన్నాడు కూలీలందరి ముందూ.

నాగేంద్రమ్మ ఆ మాటను కడుపులో దాచుకుంది. మూరెడు ఇవతలికి జరిగి సొంత గోడ పెట్టించింది. వేప దూలాలు ఎక్కించి, పైన నీళ్ళు దిగనియ్యని చవుడు మట్టి పోయించి, గట్టిపడేదాకా తానే తొక్కింది. నీళ్ళు వీధివైపు పోయేలా వాలు పెట్టించింది. ఇన్నేళ్ళూ ఉమ్మడి గోడ నెత్తిన వాన పడకుండా కప్పింది తన మిద్దె మట్టేనని ఆమెకు తెలుసు. అంకన్నకే తట్టలేదు.

తొలి వానకే, పైన మట్టి కప్పు పోయిన ఆ గోడ నానిపోయింది. అంకన్న తడుస్తూ వచ్చాడు.

"అమ్మా నాగేంద్రమ్మా, ఇల్లంతా కారుతుండాది. నీ మిద్దె మట్టి కొంచెం గోడ మీదికి జరిపియ్యి తల్లీ."

పొడి నేల మీద కూర్చున్న నాగేంద్రమ్మ ఒళ్ళోని మేకపిల్లను నిమురుతూ అంది:

"గోడ నీదంటివి కదా బావా. దాని మీద పడే వాన గూడా నీదే."