అత్తమ్మ యొర్దాను సీసాలు

ఎండిన కొమ్మను చూసి మనం నిట్టూరుస్తుండగానే, వేరులో తడి దాచి ఉంచే దేవునికి స్తోత్రం. ఆకు రాల్చేదీ ఆయనే, చిగురు తొడిగేదీ ఆయనే. మోకాళ్లకు బలమిచ్చేదీ, ఆ మోకాళ్లు వంచే మనసిచ్చేదీ ఆయనే. ఆయన్ను ముందుగా తలుచుకోకుండా ఈ సంగతి చెప్పబోతే నాకు మాట సాగదు. ఆయనకే మహిమ.

సంగతి మా అత్తమ్మ కాలిది.

అప్పట్లో మేము చండ్రుగొండ దాటి అడవి వైపు పోయే దారిలో ఒక ఊళ్లో ఉండేవాళ్లం. నేను అక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచరును. సెల్ ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. ఫోను ఉన్నా మాట్లాడాలంటే గుట్ట ఎక్కాల్సిందే, కింద సిగ్నల్ ఉండేది కాదు. ఆ ఏడాది మా సంఘం నుంచి కొందరం యెరూషలేము యాత్రకు వెళ్లాలని అనుకున్నాం. చలి పోయాక, ఈస్టరుకు ముందు, వసంతంలో ప్రయాణం. అందరికంటే ముందు పేరిచ్చింది అత్తమ్మే. ఆమెకు తోడుగా నా పేరు. "నాకు సెలవు దొరకది. నా తరఫున కూడ మీరే చూసి రాండ్రి" అన్నారు మా ఆయన.

పేరిచ్చిన కొన్నాళ్లకే అత్తమ్మ పత్తి చేను గట్టు మీద జారింది. కుడికాలి చీలమండ ఎముక చిట్లింది. ఖమ్మం దవాఖానాలో కట్టు వేసి, క్రిస్మసుకు ముందు విప్పారు. విప్పాక వచ్చిన మొదటి ఆదివారమే నా భుజం పట్టుకుని చర్చికి వచ్చింది. సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది.

"నా కాలు బాగుచేసిండు. నన్ను యెరూషలేముకు తోలుకపోయిండు. యొర్దాను నీళ్లల్ల నిలబెట్టిండు. ఆ దేవునికి స్తోత్రం!" అంది.

కాలు ఇంకా వాపు మీదే ఉంది. వీసా మాట అటుంచి, హైదరాబాదు ఏజెంటుకు పేర్లు కూడా పోలేదు. ముందు వరుసల్లో వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంటికి వస్తూ దారిలో మెల్లిగా అడిగాను.

"ఇంకా పోనే పోలేదు గద అత్తమ్మా."

"అడిగినమా లేదా? అడిగినంక థ్యాంక్స్ చెప్పనీకె ఆలస్యమెందుకు? నువ్వు పిల్లలకు సున్నాలు పెట్టుడు తప్ప నమ్ముడు నేర్పియ్యవా?"

నేను ఆమె చెయ్యి నా భుజం మీద సర్దుకుని నడిచాను.

ఆ సాక్ష్యం ఊరికే పోలేదు. మర్నాటి నుంచి మా ఇంటికి సీసాలు రావడం మొదలైంది. ఎవరైనా యెరూషలేము పోతున్నారంటే మా వైపు విశ్వాసులు యొర్దాను నీళ్లు తెమ్మంటారు. కొత్త ఇంట్లో చల్లుకుంటారు, జ్వరం వచ్చిన పిల్లల నుదురు తడుపుతారు, మిగతాది బీరువాలో పెట్టుకుంటారు. మహిమ నీళ్లలో లేదు, ప్రభువులో ఉంది అని మా పాస్టరు అయ్యగారు ప్రసంగంలో చెప్తూనే ఉంటారు. అందరూ తలూపుతారు. సీసాలు మాత్రం ఆగవు. హోమియో మందు సీసా, దగ్గు మందు సీసా, శరబత్తు సీసా, మా ఊరి కాంపౌండరు ఇచ్చిన సెలైన్ బాటిల్. ఒకావిడైతే మంచినూనె క్యానే తెచ్చి పెట్టింది.

మా ఆయన ఆ క్యాను ఎత్తి చూసి, "అమ్మా, నీళ్లన్నీ నువ్వే తోడుకొస్తే ఆ దేశపోళ్లు ఏం తాగాలె?" అన్నారు.

"నీకు ఒక చుక్క గూడ ఇయ్య, పో" అంది అత్తమ్మ.

జనవరిలో ఒకరోజు అయ్యగారు స్కూటరు మీద వచ్చారు. ఆయనది వేంసూరు వైపు. మాట మెత్తన, మనసు ఇంకా మెత్తన. కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగకుండా గ్లాసును చేతుల్లో తిప్పుతూ ఉండిపోయారు.

"అమ్మా, మీరు నొచ్చుకోవద్దు. అక్కడ అన్నీ రాతిమెట్లంట. ఎక్కటం, దిగటం. ఒకరి కోసం బస్సు ఆగదని ఏజెంటు గట్టిగా చెప్పాడు. పరాయి దేశంలో మీ కాలికి ఏమన్నా అయితే నేను మీ అబ్బాయికి ఏం చెప్పను?"

అత్తమ్మ తన కాలి వంక చూసుకుంది. నేనే అడిగాను, ఎప్పటిలోగా చెప్పాలని.

"ఫిబ్రవరి ఆఖరి ఆదివారం దాకా ఆగుతాను. ఆ సాయంత్రం గుట్ట అవతలి గూడెంలో ప్రార్థన ఉంది కదా. అమ్మ గుట్ట దాటి నడిచి వస్తే రెండు పేర్లూ పంపుతా. లేకపోతే వేరేవాళ్లు అడుగుతున్నారు."

ఆయన వెళ్లాక అత్తమ్మ లేచి, నా పాత స్కూలు సంచీ వెతికి తీసింది. హోమియో సీసాలో నీళ్లు నింపి అందులో వేసింది. "పా బిడ్డా, నడుద్దాం."

"నీళ్లెందుకు?"

"వచ్చేటప్పుడు బరువు మోయొద్దా? ఒట్టి చేతులతోటి నడుసుడు నేర్సుకుంటే ఏం ఫాయిదా?"

అట్లా మొదలయ్యాయి మా నడకలు. నేను బడి నుంచి వచ్చి ముఖం కడుక్కునే సరికి ఆమె చెప్పులేసుకుని గడప మీద కూర్చుని ఉండేది. మొదట్లో వీధి చివరి బోరింగు దాకా. తర్వాత మిరప కల్లాల దాకా. కల్లాల్లో ఎండుతున్న కాయల ఘాటుకు ఇద్దరం తుమ్ముకుంటూ దాటేవాళ్లం. కల్లం కాపలా ఉన్నవాళ్లు "వందనాలమ్మా, ఎంతదాక వచ్చింది యెరూషలేము?" అని అరిచేవాళ్లు. "ఇంకో రెండు మలుపులే!" అని ఈమె తిరిగి అరిచేది. కాలు ఓర్చుకున్న కొద్దీ సంచీలోకి కొత్త సీసా చేరేది. దగ్గు మందు సీసా చేరాక వాగు దాకా వెళ్లాం. శరబత్తు సీసా చేరాక వాగు దాటాం.

నేను ఆ ఊళ్లో ఏళ్లుగా ఉన్నాను కానీ అడవి వసంతానికి ఎట్లా తయారవుతుందో అప్పటిదాకా చూడలేదు. టేకు ఆకులు చాపల్లా పరుచుకుని కాలు పెడితే అప్పడాల్లా విరిగేవి. చెట్లన్నీ బోసిగా నిలబడితే, వాటి మధ్య నుంచి దూరాన కొండలు కనిపించేవి. మోదుగ కొమ్మలకు నల్లని మొగ్గలు కట్టాయి. అత్తమ్మ రోజూ ఒకే చెట్టు దగ్గర ఆగి, ఒకే కొమ్మ వంచి చూసేది. "ఇది పూసేనాటికి నా కాలు అవ్ అనాలె" అనేది. ఎక్కేటప్పుడు పాటలు పాడుతూ, దిగేటప్పుడు ఎవరెవరి సీసా తెచ్చామో వాళ్ల పేరున ప్రార్థన చేస్తూ నడిచేది. జ్వరం పిల్లాడి సీసా, పిల్లలు లేని ఆమె సీసా, కొడుకు మాట్లాడని తల్లి సీసా. సంచీ బరువెందుకో నాకు అప్పుడు అర్థమైంది.

వాగు దగ్గర గూడెం కోయామె ఒకామె కట్టెల మోపుతో ఎదురయ్యేది. మా సంచీలో గలగలలు విని ఒకరోజు ఆపింది.

"ఏందమ్మా, రోజూ ఇంటికాడి నీళ్లు వాగుకు మోసుకొస్తున్నరు? వాగుల నీళ్లున్నయ్ గద!"

అత్తమ్మ నవ్వి మొత్తం కథ చెప్పింది. ఆమె మోపు దించి శ్రద్ధగా విన్నది.

"అంటే మీ దేవుని ఊరు చూడబోతున్నవ్."

"అవ్ బిడ్డా. ఆయన నడిచిన నేల."

"మేం గూడ ఆగుతున్నం. మా దేవుళ్లకు పెట్టి కొత్త పండుగ చేసేదాక ఇప్పపువ్వు నోట్ల పెట్టం. చెట్టు కిందనే ఉన్నా, ఆకలున్నా పెట్టం." అని మోపులోంచి ఒక వెదురు కర్ర లాగి ఇచ్చింది. "పట్టుకో పెద్దమ్మా, దిగేకాడ జారుతది."

"కర్ర పట్టుకుంటే మా అయ్యగారు కుంటిదాన్నంటడు."

"అయితే పాముల కోసమని చెప్పు."

ఆ జవాబు అత్తమ్మకు ఎంత నచ్చిందంటే, ఆ రోజు నుంచి కర్రతో ఎండుటాకులు తట్టుకుంటూ నడిచింది, ఆనుకోకుండా.

ఫిబ్రవరి సగం గడిచాక ఒక సాయంత్రం వాగులో రాయి మీద అడుగు తప్పింది. పడలేదు. కానీ తెల్లారేసరికి చీలమండ గుండ్రంగా ఉబ్బింది. ఉప్పు కాపడం పెట్టాను. ఆమె రోజంతా వరండాలో గుట్ట వైపు చూస్తూ కూర్చుంది. పాట లేదు. మూడోనాడు అంది.

"సీసాలు ఎవరియి వాళ్లకు ఇచ్చిరా బిడ్డా. దేవుడు పోనిస్తనన్నడు గని ఈ ఏడే అనలే. నేనే తొందరపడి చెప్పిన."

పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆమె నోట అట్లాంటి మాట వినలేదు నేను. నిజం చెప్పొద్దూ, నాకూ యెరూషలేము చూడాలని ఎంత ఆశగా ఉందో ఆ క్షణానే తెలిసింది. శరబత్తు సీసా, దగ్గు మందు సీసా, హోమియో సీసా తీసుకుని బయలుదేరాను. మొదటి ఇల్లు పిల్లలు లేని ఆమెది. విషయం చెప్పి సీసా చాపాను. ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది.

"తీసుకుంటే నేను నమ్మనట్టే అయితది టీచరమ్మా. ఉండు." అని లోపలికి వెళ్లి ఇంకో సీసా తెచ్చింది. "మా చెల్లెలుది. ఇయ్యనీకె మర్చిపోయిన."

రెండో ఇంట్లోనూ అదే. మూడో ఇంట్లో సీసా తీసుకోకపోగా, "మీ అత్తకు చెప్పు, నా సీసా మూత లూజు, గట్టిగ బిగియ్యాలె" అన్నారు. మూడు సీసాలు పట్టుకుని పోయిన దాన్ని అంతకంటే ఎక్కువ పట్టుకుని తిరిగి వచ్చాను.

అత్తమ్మ ఆ సీసాలు చూసి మొదట నోరు తెరిచింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "ఊరంత కలిసి నన్ను తరుముతున్నరు గదే!" అని కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వుకే వాపు సగం దిగిందని మా ఆయన ఇప్పటికీ అంటారు. ఆ వారమంతా ఇంట్లోనే, మంచం కోడు పట్టుకుని కాలు మోపి నిలబడటం, నాలుగడుగులు వేయడం. నా లోపల ప్రార్థన ఆగలేదు.

ఆ ఆఖరి ఆదివారం భోజనాలు చేసి బయలుదేరాం. అత్తమ్మ సంచీలో నిండు సీసాలు వేస్తుంటే వద్దన్నాను. వినలేదు. వాగు మెల్లిగా దాటించాను. మలుపు తిరిగామో లేదో ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. మా మోదుగ చెట్టు పూసింది. ఒక్క ఆకు లేదు, కొమ్మ కొమ్మకూ నిప్పు. ఎండలో ఆ చెట్టు మోషే చూసిన పొదలా మండుతున్నట్టే ఉంది, కానీ ఏదీ కాలడం లేదు. అత్తమ్మ చెప్పులు విడిచింది. కొమ్మ వంచి పువ్వును తాకింది. నేనూ విడిచాను. మళ్లీ చెప్పులేసుకుని నడక సాగించాం.

కాలిబాట, బండ్ల దారి కలిసే చోట ఒక పెద్ద ఇప్పచెట్టు ఉంది. దాని కింద తెల్ల చొక్కా ఒకటి వంగి కనిపించింది. అయ్యగారు! స్కూటరు ముందు టైరుకు ముల్లు దిగింది. అంతదూరం తోసుకుంటూ వచ్చినట్టున్నారు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"వందనాలు అయ్యగారూ" అంది అత్తమ్మ.

ఆయన నడుము పట్టుకుని లేచారు. ఆమె తాపీగా ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అక్కడ ఎక్కుడు దిగుడు శానా ఉంటదంట. ఒకరి కోసం బస్సు ఆగదంట. మీరు రాగలుగుతరా మరి?"

అయ్యగారు ఒక్క క్షణం బిత్తరపోయి చూశారు. తర్వాత పడీ పడీ నవ్వుతూ చెట్టు మొదట్లో కూలబడ్డారు. అత్తమ్మ శరబత్తు సీసా మూత తీసి ఇచ్చింది. ఆయన సగం గటగటా తాగి, "ఎక్కడి నీళ్లమ్మా ఇవి?" అన్నారు.

"మా వీధి బోరింగువి."

"యొర్దానుకు పోనవసరం లేదు, ఇవి చాలు."

"అట్ల తప్పించుకుందామనా? తాగింది చాలు, లేవుండ్రి."

కట్టెల మోపుతో వస్తున్న కోయామె ఇదంతా చూసి, స్కూటరు తాను చూస్తుంటానంది. అత్తమ్మ వెదురు కర్రను అయ్యగారి చేతిలో పెట్టింది. "పాముల కోసం" అంది. ముగ్గురం గుట్ట ఎక్కాం. ముందు అత్తమ్మ, ఆమె భుజాన గలగలమంటూ సంచీ, వెనక కర్ర ఊతంగా అయ్యగారు, వాళ్ల వెనక నవ్వు ఆపుకోలేక నేను. ఆమె కుంటలేదని చెప్పను. కొంచెం కుంటింది. కానీ ఆగలేదు.

గుట్ట మీదికి చేరగానే అయ్యగారి జేబులో ఫోను టింగు టింగుమంది, సిగ్నల్ వచ్చి మెసేజీలు పడ్డాయి. ఆయన అక్కడే ఒక బండ మీద నిలబడి హైదరాబాదు ఏజెంటుకు ఫోను చేశారు.

"బాబూ, ఆ రెండు పేర్లూ రాసుకో. ఆ, నడుస్తారు. నాకంటే బాగా నడుస్తారు."

అత్తమ్మ వినీ విననట్టు అటు తిరిగి, కొండల మీద అక్కడక్కడ అంటుకున్న మోదుగ ఎరుపును చూస్తూ పాట అందుకుంది. కింద గూడెంలోని వాళ్లకు ఆ పాట వినబడి డప్పు మొదలైంది. అయ్యగారు గొంతు కలిపారు, నేనూ కలిపాను.

వీసాలు వచ్చాయని కబురు అందిన రోజు సీసాలన్నీ కడిగి ఎండబెట్టి, పాత చీరల్లో చుట్టి పెట్టెలో సర్దాం. సాయంత్రం అయ్యగారు వచ్చారు. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, జేబులోంచి చిన్న ఇంకు సీసా తీశారు.

"మా అమ్మగారు ఇమ్మన్నారు" అన్నారు, నేల చూపులు చూస్తూ.

అత్తమ్మ ఆ సీసాను రెండు చేతులా అందుకుంది. పెట్టెలో చీర మడతల మధ్య దాన్నీ సర్దింది. ఆయన స్కూటరు మలుపు తిరిగాక మాత్రం ఆ రాత్రి పడుకునేదాకా నవ్వింది.

ఇది చదువుతున్న మీలో ఎవరు దేని కోసం ఎదురుచూస్తున్నారో నాకు తెలియదు. కాలు కుదుటపడాలనో, కబురు రావాలనో, కొమ్మ పూయాలనో. మీ సీసా ఏదైనా సరే, కాసేపు పక్కన పెట్టి నాతో పాటు కళ్లు మూసుకోండి. తండ్రీ, వేరులో తడి ఉంచినవాడా, ఎదురుచూసేవాళ్ల కాళ్లకు బలమియ్యి. వాళ్ల బరువు మోయడానికి తోడు ఒకరిని పంపు. ఇవ్వకముందే నీకు స్తోత్రం చెప్పే ధైర్యం మాకియ్యి. ఆమేన్ అనండి, మా అత్తమ్మకు వినబడేటట్టు.