తగ్గితే తేడా నాది

కంపెనీలో మా పిన్నికి ఎవరో పెద్దమనిషి ఉన్నాడని మా వీధిలో చెప్పుకుంటారు. కొత్త గేమ్ కన్సోల్ ధర పడిపోతుందని అతనే ముందుగా చెవిలో ఊదాడట. లేకపోతే ధర పడేలోపే పాత సరుకంతా అలా ఎలా వదిలించుకుంటుందని మందుల షాపాయన దగ్గర్నుంచి బడి పంతులమ్మ దాకా అందరూ అనేవాళ్లే. వాళ్లెవరూ ఆ రోజుల్లో మా షాపులో లేరు. నేనున్నాను. బడి మానేసినప్పటి నుంచి గాజు అలమరాలు తుడవడం, వచ్చినవాళ్లకు ఆట ఆడి చూపించడం నా పని.

షాపు ఇరుకు. ఒక గోడంతా జనం మార్చుకుపోయిన పాత గేమ్ సీడీలు, ఎదురుగోడకి టీవీ, మధ్యలో పిన్ని కుర్చీ. షాపులో సగం బాబాయిది, సగం ఆయన తమ్ముడిది. కొత్త కన్సోళ్లు దిగిన రోజే చిన్నబాబాయి తేల్చి చెప్పేశాడు.

"వదినా, సెలవులు అయ్యేలోపు ఈ సరుకు అమ్ముడవ్వాలి. లేదంటే షాపు చెప్పుల కొట్టువాడికి అద్దెకిచ్చేద్దాం."

"చెప్పులకి ఇచ్చేదానికి ఇన్నేళ్లు ఈ కుర్చీ ఎందుకు అరగదీశానయ్యా?" అంది పిన్ని.

పెట్టెలు కదల్లేదు. కంపెనీ పెట్టిన ధర అలాంటిది. జనం వచ్చేవారు, నా పక్కన కూర్చుని ఆడేవారు, పెట్టెను పసిపిల్లను నిమిరినట్టు నిమిరేవారు. ధర వినగానే చెయ్యి తీసేసేవారు. "మొదట్లో ఇలాగే ఉంటుంది, తర్వాత తగ్గుతుందిలే" అనుకుంటూ వెళ్లిపోయేవారు. అందులో నిజం లేకపోలేదు. ఆత్రం ఆపుకోలేనివాళ్ల దగ్గర ముందు ఎక్కువ లాగి, వాళ్లు అయిపోయాక మిగతావాళ్ల కోసం ధర దించడం కంపెనీలకు అలవాటే. నేను చూసినంతలో, డబ్బు లేక వెళ్లిపోయినవాళ్లకన్నా, తొందరపడి నష్టపోతామేమోనని వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ.

అలా చాలాసార్లు వచ్చి ఆడిపోయిన బస్సు కండక్టరు ఒకరోజు మళ్లీ వచ్చాడు. డ్యూటీ బట్టల్లోనే తనివితీరా ఆడి లేచి, పాత పాటే ఎత్తుకున్నాడు.

"ఇంకొన్నాళ్లు ఆగితే తగ్గుతుందేమో కదక్కా?"

పిన్నికి ఒళ్లు మండిపోయింది. "తగ్గితే ఆ తేడా నేనిస్తాను! తీసుకెళ్లవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది!"

అతను నిజంగానే తీసుకెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకున్నాడా? టికెట్లతోపాటు ఆ మాట కూడా బస్సంతా పంచాడు. తెల్లారి మేం షాపు తెరవకముందే మెట్ల మీద జనం.

"తేడా మీరే ఇస్తారటగా?"

పిన్ని ఇరకాటంలో పడింది. కాదంటే కండక్టరు ముందు పరువు పోతుంది, అవునంటే షాపే పోవచ్చు. సీడీల గోడకేసి ఓసారి చూసింది.

"ఇస్తాను. డబ్బుగా కాదు, అదిగో, ఆ గేముల్లో. సెలవులయ్యేలోపు ధర తగ్గితే, తేడాకు సరిపడా మీరే ఏరుకోండి."

ఆ గేములు ఆమెకు మార్పిడిలో చవగ్గా వచ్చినవే. నాచేత అట్టముక్క మీద రాయించి గుమ్మంలో పెట్టించింది: తగ్గితే తేడా నాది. అంతే, కదలని పెట్టెలు కాళ్లొచ్చినట్టు నడిచిపోయాయి.

సెలవులు ఇంకా ఉండగానే కంపెనీ ధర దించేసింది. దించడమంటే, ఢామ్మని పడేసింది. చిన్నబాబాయి రొప్పుతూ వచ్చాడు.

"కొంప మునిగింది వదినా! షట్టర్ దించెయ్. కొన్నాళ్లు ఎవరికీ కనబడకు."

"దించితే మళ్లీ ఏ మొహం పెట్టుకుని ఎత్తాలి?" అని, పిన్ని నావైపు తిరిగింది. "ఆ అట్ట దుమ్ము పట్టింది, తుడిచి ముందుకు పెట్టవే."

సాయంత్రానికి కొన్నవాళ్లంతా దిగారు. అందరికన్నా ముందు కండక్టరు, పోట్లాటకు సిద్ధపడి చొక్కా చేతులు మడుచుకుని మరీ వచ్చాడు.

"మాట మీదే ఉన్నావా అక్కా?"

"ఏరుకోవయ్యా. నన్ను చూస్తావేం, గోడ అటుంది."

అతను మొహమాటపడుతూ ఏరుకున్నాడు. తీరా చూస్తే అన్నీ ఇద్దరు కలిసి ఆడేవే. "అయితే ఇంకో కంట్రోలరు కూడా కావాలి కదా" అని కొత్తది కొన్నాడు. వెనకాలావిడ ఏరుకున్నవి చాలక ఇంకో కొత్త గేము కొంది. ఒకాయన బావమరిదిని లాక్కొచ్చి, "కొంటే ఈవిడ దగ్గరే కొనరా, రేపు మొహం చాటెయ్యదు" అన్నాడు. గోడ సగం ఖాళీ అయింది, గల్లాపెట్టె మూత పడడం లేదు. మూల నిలబడి గోళ్లు కొరుక్కుంటున్న చిన్నబాబాయి ఎప్పుడు బిల్లుల పుస్తకం అందుకున్నాడో ఎవరూ చూడలేదు.

"వదినా, కంట్రోలర్లు అయిపోతున్నాయి. తెప్పించనా?"

"చెప్పులు కాదుగా?" అంది పిన్ని. షాపంతా నవ్వు.

అద్దె మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంతకీ ఆ కంపెనీ పెద్దమనిషి సంగతి. ధర పడిపోవడానికి ముందురోజే పిన్ని పాత ధరకు ఇంకో వ్యాను నిండా పెట్టెలు కొని తెచ్చింది. షాపులో చోటు చాలక వాటిని మా ఇంట్లో మంచాల కింద సర్దాం.