సుధాకరరావుగారి ఫొటోకి దండ

సుధాకరరావుగారు రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం చేసినన్నాళ్లూ శని, ఆదివారాలు కెమెరాల ముందే గడిపారు. సింగపూర్ సీరియళ్లలో వెనకాల నడిచే మనిషి కావాలన్నా, కిరాణా కొట్లో బేరమాడే అంకుల్ కావాలన్నా కబురు ఆయనకే వచ్చేది. రిటైరయ్యాకా అంతే. కానీ ఇన్నేళ్లలో ఆయన చేత ఒక్క మాట పలికించిన పాపాన ఎవరూ పోలేదు.

అలాంటిది, ఓ అమెరికన్ నటుడి సినిమా షూటింగు ఇక్కడికొచ్చింది. అరవై ఏళ్లుగా తెర మీద వెలుగుతున్న పెద్దమనిషి. ఆయన పేరు ఇక్కడ రాయను. వాళ్లు ఈయన పేరు వేశారు గనకనా! ఆ సినిమాలో ఆయన స్నేహితుడి వేషం సుధాకరరావుగారికి దొరికింది. తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్లో ఇద్దరూ కాఫీ తాగే సీను. "నువ్వింకా చక్కెర మానలేదా?" అని ఈయన ఇంగ్లీషులో అడగాలి. ఆ ఒక్క ముక్కనీ వారం రోజులు భార్య కమలాదేవి మీద సాధన చేశారు. షాట్ అయ్యాక అమెరికన్ ఈయన భుజం తట్టాడు. ఇక ఈయన కాళ్లు నేల మీద ఆనలేదు.

సినిమా రాగానే తాముండే బుకిట్ పంజాంగ్ పేటలో తెలిసిన తెలుగువాళ్లందర్నీ వెంటబెట్టుకుని థియేటర్‌కి వెళ్లారు. హాకర్ సెంటర్ రాలేదు. చక్కెర మాటా రాలేదు. వచ్చిందల్లా గోడ మీద ఈయన ఫొటో! మేకప్ సరిచూడ్డానికని సెట్లో తీసింది. దానికి గంధపు దండ, నుదుట బొట్టు, ముందు అగరొత్తులు. అమెరికన్ దాని ముందు నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. చివర్లో వంటవాళ్ల పేర్లు కూడా వేశారు గానీ ఈయన పేరు లేదు.

"నిక్షేపంలా ఉన్న మనిషికి దండేస్తారా! వాళ్ల చేతులు పడిపోను!" అని కమలాదేవి సీట్లోంచి లేచి అరిచారు. అరవక? మొగుడు పక్కనే కూర్చుని ఉన్నాడాయె.

వేషాలిప్పించే సుచిత్రకి సుధాకరరావుగారు అక్కణ్ణుంచే ఫోన్ చేశారు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మాట చివర ఇక్కడివాళ్లలా 'లా' తగిలిస్తుంది.

"మీ సీన్ ఎడిటింగ్‌లో పోయింది అంకుల్. బట్ ఫొటో ఉంది లా! అందరూ మీకోసమే ఏడుస్తున్నారు."

"నాకోసం కాదమ్మా, నా శవం కోసం" అని పెట్టేశారు.

ఆ ఏడుపుకే అమెరికన్‌కి అవార్డొచ్చింది. వేదికెక్కి డాక్టర్‌కీ, పెంపుడు కుక్కకీ థాంక్స్ చెప్పాడు. ఫొటోలో మనిషి ఊసే లేదు. టీవీ ముందు కూర్చున్న సుధాకరరావుగారికి ఒళ్లు మండిపోయింది.

మర్నాడే సుచిత్ర ఫోన్.

"అంకుల్, ఇంకో ఫిల్మ్ వచ్చింది. ఫొటో రోలే. మీరు రానక్కర్లేదు, ఫొటో మా దగ్గరుంది. ఓకే అనండి చాలు."

"బతికున్నవాడి వేషం ఉంటే చెప్పు."

"మీ ఏజ్‌కి యాక్టింగ్ రోల్స్ ఎవరిస్తారు అంకుల్?"

"ఆ అమెరికన్ నాకంటే పదేళ్లు పెద్ద!" అని అరిచారు సుధాకరరావుగారు.