కడిగేసిన సుద్దగీత

మొన్నామధ్య బందరు రోడ్డు మీద సిగ్నల్ పడితే మా అల్లుడు బ్రేకు తొక్కాడు. కారు మాత్రం తన దారిన తాను పోయి, హ్యాండ్‌బ్రేకు లాగితే గానీ ముందున్న సిటీ బస్సుకు జానెడు దూరంలో ఆగలేదు. ఎప్పుడో ఇరవయ్యేళ్ళ నాటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారది, ముచ్చటపడి సెకండ్‌హ్యాండ్‌లో కొని, వారం కిందటే ఆటోనగర్‌లో బ్రేకులన్నీ విప్పించి బాగుచేయించాడు. హ్యాండ్‌బ్రేకు మీదే మెల్లగా నడుపుకుంటూ మళ్ళీ అక్కడికే తీసుకుపోయాం. ముసలాడివి నీకెందుకని ఎవరైనా అనేలోపే, చక్రం విప్పిన చోట వంగి చూశాను. నలభై ఏళ్ళ కిందట నేను చేసిన తప్పే నా ఎదురుగా బిగించి ఉంది.

అప్పట్లో స్పోర్ట్స్ కారు వచ్చిందంటే పక్క షెడ్ల వాళ్ళు కూడా పని వదిలేసి వచ్చి చూసేవారు. డిగ్రీ తప్పి, ఇంట్లో తిట్లు పడలేక, నేను మా మేనమామ మెకానిక్ షెడ్డులో పనికి చేరిన రోజులవి. వుయ్యూరు వైపు చెరుకు పండించే మా పెదనాన్నకు వేగమంటే పిచ్చి, మద్రాసులో ఎవరో అమ్మేస్తుంటే ఒక విదేశీ కారు తెచ్చుకున్నాడు. దాని ముందు చక్రాలకు కాలిపర్లుండేవి, అంటే చక్రంతో తిరిగే పళ్ళేన్ని రెండు వైపులా నొక్కి ఆపే ఇనుప దిమ్మలు. రబ్బరు సీళ్ళు మార్చడానికి రెండూ విప్పాక, తారుమారు కాకుండా మామయ్య ఎడమదాని మీద సుద్దతో గీత పెట్టాడు. మర్నాడే ఆయుధపూజ. ఆ రోజు పానా కూడా ముట్టకూడదు గనుక, పానాలతో, జాకీలతో పాటు ఆ దిమ్మలనూ అమ్మవారి పటం ముందు పెట్టాం. మురికివి పెడితే అమ్మవారేమనుకుంటుందోనని నాకు భక్తి పొంగుకొచ్చి, రెండింటినీ పైపైన సబ్బునీళ్ళతో తళతళలాడేలా కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. సుద్దగీత ఏమైందో వేరే చెప్పనక్కర్లేదు.

పండగయ్యాక వాటిని బిగించిందీ నేనే. తీరా చూస్తే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోంది. గొట్టాల్లో గాలి చేరితే అలాగే అవుతుంది, దాన్ని తీసెయ్యాలి. మోకాళ్ళ నొప్పుల మామయ్య సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టేవాడు, నేను కింద పడుకుని కాలిపర్‌కున్న చిన్న నిపుల్ వదులు చేసి ఆయిలూ గాలీ వదిలి మళ్ళీ బిగించేవాణ్ణి. రెండు రోజులు అదే పని. మాస్టర్ సిలిండరు మార్చాం, గొట్టాలు మార్చాం, ప్రయోజనం లేదు. నేను బిగించింది మామయ్య మళ్ళీ చూసుకునేవాడు కాదు, నా మీద అంత నమ్మకం. ఈలోగా పెదనాన్న ఓపిక చచ్చిపోయింది. రెండుసార్లు తొక్కితే పడుతున్నాయి కదా బావా, చాల్లే, అంటూ మామయ్య వద్దంటున్నా వినకుండా, తన కూతుర్ని, అంటే మా అక్కను, పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు.

కంకిపాడు దాటాక గేదెలు అడ్డం వచ్చాయట. రెండోసారి తొక్కే వ్యవధి ఏది? కారు గట్టు జారి కాలవలోకి ముక్కు పెట్టింది. కబురు తెలిసి మేం వెళ్ళేసరికి అక్క ఎవరిదో తువ్వాలు కప్పుకుని గట్టు మీద కూర్చుని ఉంది, ఎడమ మణికట్టు వేలాడిపోతోంది. ఇద్దరికీ ప్రాణాలు దక్కాయి, అంతే.

కారును ట్రాక్టరుతో లాగించి షెడ్డుకు తెచ్చాక మామయ్య ఆ నొప్పుల మోకాళ్ళ మీదే కూలబడి చక్రం వంక చాలాసేపు చూశాడు. తర్వాత సగం నీళ్ళున్న సీసాకు మూత పెట్టి నా ముందు తలకిందులు చేశాడు.

“గాలి ఎటు పోద్దిరా?”

“పైకి మామయ్యా.”

“మరి గాలి పోయే దారి కిందికి పెట్టావేంట్రా?”

ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేశాను, దాంతో పైన ఉండాల్సిన నిపుల్ కిందికి వచ్చింది. ఎంత తీసినా ఆయిలే వచ్చింది గానీ గాలి పైనే చిక్కుకుపోయింది. మార్చి బిగిస్తే అరగంటలో పెడల్ రాయిలా నిలబడింది. ఆ సాయంత్రమే మామయ్య వుయ్యూరు వెళ్ళి, పొరపాటు నాదే బావగారూ, అని పెదనాన్న ముందు తలవంచుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. పెదనాన్న మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

మొన్న ఆటోనగర్‌లో నేను నిపుల్ వైపు వేలు చూపించగానే ఆ మెకానిక్ ఒకసారి వంగి చూసి, అందరి ముందే మా అల్లుడితో, “తప్పు నాదేనండీ, ఎడమది కుడికేసేశాను” అనేశాడు. అర నిమిషం పట్టలేదు. బస్సుకు జానెడు దూరంలో ఆగినప్పటి కంటే అప్పుడే ఎక్కువ అదిరిపోయాను. ఈ కాలం వాళ్ళకు పనిలో భయమూ భక్తీ లేవని నలుగురిలో ఉపన్యాసాలిచ్చేది నేనే మరి!

మామయ్య రేకుల షెడ్డు ఉన్న చోట ఇప్పుడు అద్దాల షోరూము లేచింది. మామయ్యా లేడు, పెదనాన్నా లేడు. అక్క మాత్రం ఉంది, ఆ ఎడమ చేత్తో ఇప్పటికీ నిండు చెంబు ఎత్తలేదు. నేను వెళ్ళినప్పుడల్లా కుడి చేత్తోనే కాఫీ ఇచ్చి, పాత మాటలు వస్తే, మీ మామయ్య మంచోడేరా, పనే సరిగా రాదు, అంటుంది. నేను తలవంచుకుని కాఫీ తాగేసి వస్తుంటాను.